పట్టాలకు అవతలి గొంతు

ముందే ఒప్పేసుకుంటున్నాను. జ్యోతప్ప గొంతు దొంగిలించింది నేనే. మా వీధిలో కొంతమంది ఇప్పటికీ రమణబాబుగారి టెంటువాణ్ణి అనుమానిస్తున్నారు. పాపం, వాడు శంకుస్థాపనకు కుర్చీలు వేయడానికి వచ్చాడంతే. నేను దొంగిలించింది పాటా కాదు, మాటా కాదు. పదకొండు సెకన్ల కేక. రికార్డరు సాకెట్ బాగుచేయమని ఆమె నా చేతిలో పెడితే, బాగుచేస్తూ చేస్తూ దాన్ని నా పెన్‌డ్రైవులోకి లాగేసుకున్నాను. తాళం బాగుచేయమని ఇస్తే ఇంకో తాళంచెవి చేయించుకున్నట్టన్నమాట. నాకు స్పీకర్లు రిపేరు చేయడం వచ్చు, మనుషుల్ని ఆటపట్టించడం వచ్చు. రెండూ ఎవరూ నేర్పలేదు. ఆ రోజు రెండూ కలిపి వాడాను.

మా ఇళ్ళల్లో అక్కను అప్ప అంటాం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ రైల్వేలో పనికి వచ్చినప్పుడు మూటల్లో కట్టుకొచ్చిన మాట అది. జ్యోతప్ప పూర్తిపేరు జ్యోతిర్మయి. నలభై దాటాయి. వాళ్ళ నాన్న ఎర్రయ్య కీమాన్. అంటే రోజూ తన బీటు పొడవునా పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలను సుత్తితో బిగించుకుంటూ పోయే మనిషి. రిటైరయ్యాక క్వార్టర్ వదిలి లాల్‌ఖదాన్‌లో, లైను పక్కన మా వీధిలోనే రెండు గదులు వేసుకున్నాడు. అంత దగ్గర ఎందుకయ్యా అంటే, రైలు చప్పుడు లేకపోతే నిద్ర పట్టదన్నాడట.

జ్యోతప్ప ఖైరాగఢ్ వెళ్ళి బొమ్మలు వేయడం నేర్చుకుంది. తిరిగొచ్చి బొమ్మలు మానేసి, ఇంటింటికీ తిరిగి "మీరు మీ కోళ్ళను ఎలా పిలుస్తారు?" అని అడగడం మొదలుపెట్టింది. చదువు ఎక్కువై ఇలా అయిందని వీధిలో కొందరు, పెళ్ళి కాక ఇలా అయిందని కొందరు. ఆమె పట్టించుకోలేదు. మైకు చేతిలో పట్టుకుని లక్ష్మీనరసమ్మ మామ్మ దగ్గరికి వెళ్ళిన రోజు నేను అక్కడే ఉన్నాను, తీగలు చుట్టిపెట్టడానికి.

"ఏటే జ్యోతీ, నా కోళ్ళని నానెలా పిలిత్తే నీకేటే?"

"ఒక్కపాలి పిలు మామ్మా. మైకులో పడతాది."

"కోళ్ళు లేకండా ఎలా పిలుత్తానే? నా గొంతేటి రేడియోవేటి, బొత్తం నొక్కితే అరవడానికి? అవి పెంటకుప్ప కాడికెల్లాయి. రానీ. అప్పుడు పిలుత్తాను."

కోళ్ళు వచ్చేదాకా గంటన్నర కూర్చున్నాం. ఎండలో. జ్యోతప్ప మొహంలో విసుగు లేదు. పైగా మామ్మ అన్న మాట పుస్తకంలో రాసుకుంది.

ఇలా వీధిలో ఎవరు దేన్ని ఎలా పిలుస్తారో అంతా కూడబెట్టింది. మేకల్ని, కుక్కల్ని, పైకప్పు మీద పావురాల్ని. ఒక పాత దుప్పటి మీద ఇంటికో దారంతో ఆ పిలుపులు కుట్టింది. మామ్మ కోళ్ళ పిలుపు పొట్టిపొట్టి ఎర్ర కుట్లు. ఇంకో ఇంటి మేకల పిలుపు వంకర్లు పోయిన పచ్చదారం. ఆ దుప్పటిని కోనీలో యూనివర్సిటీవాళ్ళు పిలిస్తే తీసుకెళ్ళి గోడకు కట్టి, వచ్చినవాళ్ళందరి చేతా చెప్పులు విప్పించి, ఒక్కో దారం పట్టుకుని అరిపించింది. సూటు వేసుకున్న ఒకాయన మేకల పిలుపు అరిచి గొంతు పట్టేసి దగ్గుతూ, "మేడమ్, ఆప్ సింగర్ హైఁ యా పెయింటర్?" అని అడిగాడు.

"గరువా వాలీ హూఁ, సర్," అంది. పశువుల దాన్ని అని.

ఇవన్నీ సరదా పిలుపులు. సరదా కానిది ఒక్కటే. దుప్పటి మధ్యలో నల్లదారంతో కుట్టింది. ఎర్రయ్య కేక.

మా వీధిలో పధ్నాలుగు ఆవులు. పొద్దున్నే అండర్‌బ్రిడ్జి కిందుగా లైనుకు అవతలి బీడుకు తోలుతాం, సాయంత్రం తోలుకొస్తాం. కానీ ఆవుకు మన టైమ్‌టేబుల్ తెలియదు. గట్టు మీద గడ్డి పచ్చగా ఉంటుంది, వ్యాగన్లలోంచి రాలిన గింజలు పట్టాల మధ్య ఉంటాయి. ఎక్కేస్తాయి. ఎర్రయ్య డ్యూటీలో ఉన్న ముప్ఫయ్యేళ్ళూ, రిటైరయ్యాకా, గట్టు కింద నిలబడి ఒక కేక వేసేవాడు. అడుగునుంచి మొదలై పొడుగ్గా సాగి, చివర తెగిపోయే కేక. అది వింటే ఆవులు తలలు దించుకుని ఆయన వైపు దిగిపోయేవి. ఆయన పోయిన నెలలోపే మా లైనులో రెండు ఆవులు చచ్చిపోయాయి.

అప్పుడు జ్యోతప్ప గట్టు కింద నిలబడి ఆ కేక వేసింది. ఆవులు దిగాయి. నాన్న సర్వీసు ఆఖరి ఏడాది వెంట నడిచి నేర్చుకుందట. తన ఒక్కదానికే వస్తే ఎలా అని రోజూ సాయంత్రం నాలుగింటికి నరసమ్మ మామ్మ అరుగు మీద వీధివాళ్ళను కూర్చోబెట్టి పంతొమ్మిది మందికి నేర్పింది. మామ్మకీ నేర్పింది. "కేక నాది కాదు, నాన్నదీ కాదు. ఎవరి నోట్లోంచి వచ్చినా ఆవు పట్టాలు దిగాలి, అంతే," అనేది. నాన్న చెప్పిన ఒక్క మాట మాత్రం ప్రతి పాఠానికీ ముందు చెప్పేది: "కేకేసే ముందు నువ్వు ఏ పక్కనున్నావో సూసుకో. ఆవుకి మాట తెల్దు. గొంతు ఎటునించొచ్చిందో అదే తెల్సు."

కోనీ వాళ్ళ కోసం ఆ కేకను ఒకే ఒక్కసారి రికార్డు చేసింది. ఇంట్లో చిన్న స్పీకరు మీద వేసి చూస్తుంటే, నరసమ్మ మామ్మ ఆవు కర్రి కిటికీ దగ్గరికొచ్చింది. మందకు ముందు నడిచే నల్లావు అది. కిటికీలోంచి మూతి లోపలికి పెట్టి స్పీకరు డబ్బాను వాసన చూసింది. పక్కకు వచ్చి డబ్బా వెనక చూసింది. మళ్ళీ ముందుకు వచ్చి వాసన చూసింది. ఎంత తోలినా కదల్లేదు.

నేను పడీపడీ నవ్వాను. జ్యోతప్ప నవ్వలేదు.

"అది మనిషి కోసం ఎతుకుతందిరా దిలీపూ. అలా ఎతకడం నాకు మంచిగా అనిపించట్లేదు."

కోనీలో ఆ రికార్డు వేయలేదు. ఎర్రయ్య కేక వంతు వస్తే తనే నిలబడి నోటితో వేసింది. రికార్డరు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసింది. సాకెట్ పాడైన రోజున తీసి నాకిచ్చింది.

ఈ ఏడు వానాకాలం మొదటి నుంచీ ఏదో తేడాగానే ఉంది. ఉన్న మూడు లైన్ల పక్కన నాలుగో లైను వేస్తున్నారు. పసుపు మెషీన్లు వచ్చి గట్టును వెడల్పు చేసి తెల్లటి కంకర పోశాయి. దీపావళి దాటాక దాని మీద కూడా బళ్ళు తిరుగుతాయన్నారు. మా వీధికి దగ్గరి లైను ఇక అదే. వీధి కుక్కలు సాయంత్రాలు ఆ కంకరకు ఎదురుగా వరసగా కూర్చునేవి. మొరిగేవి కావు. ఊరికే చూసేవి. ఆవులేమో రాలిన గింజల కోసం కొత్త కంకర ఎక్కడం నేర్చుకున్నాయి. జ్యోతప్ప రోజుకు నాలుగైదుసార్లు కేక వేయాల్సొచ్చేది. "నాలుగు లైన్లు దాటి దిగాలంటే వాటికి ఎంతసేపు పడతాదో లెక్కెట్టేవా?" అని ఒకరోజు అడిగింది. నేను అలాంటివి లెక్కపెట్టే మనిషిని కాదు.

ఇక రమణబాబుగారు. రిటైరైన గుమస్తా, మా తెలుగు సంఘానికి సెక్రెటరీ. ఆగస్టు మీటింగులో మైకు పట్టుకుని, "మన ఎర్రయ్య కూతురు ఆవులకి కచేరీలు సేత్తంది. రేపు పందులకి కూడా ఎట్టమ్మా, అవెందుకు బాధపడాల?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొస్తుంటే ఒళ్ళు మండింది. ఆయన మీద కొంత, నా నవ్వు మీద కొంత.

సెప్టెంబరులో ఆయన లైనుకు అవతల కొన్న స్థలంలో శంకుస్థాపన పెట్టుకున్నారు. పొద్దున్న ఎనిమిదీ నలభైకి ముహూర్తం. పందిరికి అరటిబోదెలు, గోల్ బజార్ నుంచి తెచ్చిన బంతిమాలలు, మామిడి కొమ్మలు. నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ టైముకు మన ఆవులు అవతలి బీడులోనే ఉంటాయి. ఎర్రయ్య కేక వినిపిస్తే పధ్నాలుగూ పందిట్లోకి వచ్చేస్తాయి. అరటిబోదెలు నమిలేస్తాయి. పురోహితుడి పంచె కూడా నమిలేస్తే ఇంకా మంచిది. ఆవుల కచేరీ ఎలా ఉంటుందో బాబుగారు ముందు వరసలో కూర్చుని చూస్తారు.

ముందురోజు సాయంత్రం కురిసిన వానకు అండర్‌బ్రిడ్జి నడుము లోతు నీళ్ళతో నిండిపోయింది. ఆ నీళ్ళు నేను కళ్ళారా చూశాను. బండి చుట్టు తిప్పుకుని ఫాటక్, అదే రైల్వే గేటు మీదుగా వెళ్ళాను కూడా. ఆవులు కూడా ఆ నీళ్ళు దాటలేవన్న సంగతి మాత్రం తట్టలేదు.

సిమెంటు బస్తాల వెనక నా పన్నెండంగుళాల స్పీకరు పెట్టి, పెన్‌డ్రైవు గుచ్చి, బొత్తం నొక్కాను. జ్యోతప్ప గొంతు లేచింది. రమణబాబుగారు ఉలిక్కిపడి నాలుగు వైపులా చూశారు. నేను నోరు మూసుకుని నవ్వుతూ బీడు వైపు చూస్తున్నాను. పొదలు కదల్లేదు. సౌండ్ పెంచాను. మళ్ళీ వేశాను. మళ్ళీ.

మూడోసారికి పురోహితుడు మంత్రం ఆపేశాడు. ఆయన చూస్తున్నది బీడు వైపు కాదు, లైను వైపు.

ఆవులు గట్టు మీదున్నాయి. మా వీధి వైపు నుంచి ఎక్కి వస్తున్నాయి. ముందు కర్రి. పరుగులు లేవు, బెదురు లేదు. సాయంత్రం ఇంటికి పిలిస్తే వచ్చే నడక. అలా నడుస్తూ పట్టాల మీదికి వచ్చాయి. అప్పుడే దూరంగా హారన్ మోగింది. బొగ్గు గూడ్సు, మధ్య లైనులో.

వైరు పీకేశాను.

కేక తెగిపోయింది. ఆవులు ఆగిపోయాయి. ఎక్కడున్నవి అక్కడే. వాటికి తెలిసిందల్లా ఆ గొంతే కదా. అది మాయమైతే ఎటు వెళ్ళాలి? తలలెత్తి చెవులు తిప్పుకుంటూ నిలబడ్డాయి. అవతల గట్టు కింద జ్యోతప్ప కనిపించింది. అంతవరకూ నోరు విప్పకుండా పరిగెత్తుకొచ్చిన మనిషి, ఇక గతిలేక కేక వేసింది. వెనకనున్నవి తిరిగి ఆమె వైపు దిగాయి. కర్రి మాత్రం అందరికంటే ముందుకు వచ్చేసింది. ఇటు చూసింది, అటు చూసింది. దానికి రెండు వైపులా ఒకే మనిషి.

గూడ్సు చాలా దూరం వెళ్ళి ఆగింది.

కర్రి ఏడో నెల చూలుతో ఉంది.

నరసమ్మ మామ్మ వచ్చి గట్టు కింద కూలబడింది. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "కేకినే కదే ఎల్లింది జ్యోతీ," అంది. "మనం పిలిత్తేనే ఎల్లింది. దానికి నేర్పింది మనవే కదే." ఆ తర్వాత ఇంటికి వెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రం జ్యోతప్ప దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. చెంపదెబ్బ పడుతుందని మొహం కూడా కాస్త ముందుకు పెట్టాను. ఆమె అన్నం వార్చుతూ నా మాటంతా వింది.

"ఎందుకు ఆపేవు?"

"ఏటి?"

"వైరు ఎందుకు పీకేవని. గూడ్సు ఇంకా దూరంగానే ఉంది. అలాగే వదిలేస్తే అన్నీ నీ వైపు దాటేసేవి. అందుకేరా నేను ముందు నోరు విప్పలేదు. మధ్యలో ఇంకో కేక వేస్తే తికమకపడిపోతాయని. నువ్వు ఆపేశాక ఇక నాకేం మిగిలింది?" గంజి గిన్నె కింద పెట్టింది. "పిలిస్తే వచ్చేదాకా పిలవాలి. అది చేతకానోడు పిలవకూడదు. ఇంక ఎల్లు."

వారం తర్వాత ఆవులు మళ్ళీ కొత్త కంకర ఎక్కాయి. జ్యోతప్ప గట్టు కింద నిలబడి కేక వేసింది. పక్కనే నేను. పదమూడు తలలు ఒకేసారి లేచాయి. ఆమెను చూశాయి. తర్వాత ఆమె వెనక చూశాయి. ఆ రోజు కర్రి డబ్బా వెనక ఎలా చూసిందో అలాగే. ఒక ఆవు అడుగు వెనక్కి వేసింది. ఆమె ఇంకోసారి పిలిచింది. మంద మొత్తం వెనుదిరిగి, కేకకు దూరంగా, పైకి, బళ్ళు తిరిగే లైన్ల వైపు కదిలింది.

జ్యోతప్ప రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ రోజు బండి రాకపోవడం వల్ల బతికాయి, అంతే. నేను కర్ర పట్టుకుని తోలి దించాను.

పంతొమ్మిది మందినీ, వీధిలో మిగతావాళ్ళనీ పిలిచి, ఎర్రయ్య కేక ఇక ఎవరూ వేయకూడదని చెప్పింది. దిగమని వేసే కేకకు ఎక్కుతున్నాయి కాబట్టి వేసినవాడే చంపినట్టని చెప్పింది. అందరికంటే ముందు లేచి అడ్డుపడింది ఎవరనుకున్నారు? రమణబాబుగారు.

"అదేటమ్మా! మీ నాన్న కేక ఇని నాను టైము సూసుకునీవోణ్ణి. కొన్నాళ్ళు పోతే ఆవులే సర్దుకుంటాయి. మానీడమేటి?"

"దీపావళికి ఎన్ని రోజులుంది బాబుగారూ?"

"ముప్పై... ముప్పైరెండు."

"నాన్న కేక కావాలా, ఆవులు కావాలా?"

ఆయన కూర్చున్నారు. జ్యోతప్ప ఇంటికెళ్ళి దుప్పటి మధ్యలోంచి నల్లదారం ఊడదీసింది. రెండు రోజులు పట్టింది, అంత దగ్గరగా కుట్టింది మరి. నా పెన్‌డ్రైవూ తన రికార్డరూ నాచేతే చెరిపించింది. చెరిపేముందు ఒక్కసారి వింటావా అప్పా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. వాళ్ళ నాన్న కేక అంటూ మిగిలింది అదొక్కటే. నాకు ఆ బొత్తం నొక్కడానికి చెయ్యి రాలేదు. ఆమే నా వేలు పట్టుకుని నొక్కింది.

ఆ తర్వాత ఆమె ఆవులను పిలవడం మానేసి, ఊరికే వాటి మధ్య కూర్చునేది. తొట్లు కడిగేది. రోజులు తరుగుతున్నాయి. కొత్త లైను మీద ఒక ఖాళీ ఇంజను ఒకసారి వచ్చి వెళ్ళింది. కరెంటు ఇంజను. మా వీధి ముందుకు వచ్చేదాకా చప్పుడే లేదు. కంకర మీద గిట్టల గుర్తులు మాత్రం రోజూ ఎక్కువవుతున్నాయి. ఇద్దరు ముగ్గురు ఆవులను అమ్మేస్తామన్నారు.

దీపావళికి పదకొండు రోజులుందనగా, మధ్యాహ్నం, మంద మొత్తం కొత్త లైను మీదికి ఎక్కింది. ఇటు జ్యోతప్పా నేనూ కర్రలు పట్టుకుని వెళ్తుంటే, నెలరోజులుగా మూసున్న నరసమ్మ మామ్మ తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి చూసినట్టుంది. జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా గట్టు దాకా వచ్చేసింది.

"ఓసి మీ జిమ్మడ! ఏటే అక్కడ మీకు, మీ బాబు దాసిపెట్టేడేటే? కర్రి ఎల్లింది సాల్లేదేటే మీకు? కుడితి సల్లారిపోతంది, సచ్చినదానల్లారా! దిగండే! దిగుతారా, కర్రట్టుకు రమ్మంటారా?"

అది పిలుపు కాదు. తిట్టు. రోజూ సాయంత్రం పాలు పిండేటప్పుడు మామ్మ నోట్లోంచి ఆగకుండా వచ్చే తిట్టు. నెలరోజుల నుంచి వీధిలో వినపడని తిట్టు. ఆవులు చెవులు నిక్కించాయి. ఆమె వెనక ఏముందో చూడలేదు. ఆమెనే చూశాయి. ముందు ఒక ముసలావు దిగింది. మామ్మ ఆపలేదు. గొంతు చీలిపోయి బొంగురుపోయినా, దగ్గు వచ్చినా, ఆఖరి కాలు కంకర దిగేదాకా ఆపలేదు. ఏడు ఆవులు దిగాయి. ఆరు దిగలేదు. వాటిని మేము కర్రలతో దించాం.

జ్యోతప్ప చేతిలో రికార్డరు లేదు. కావాలనుకోలేదు కూడా. గట్టు కింద నిలబడి పెదాలు కదుపుతోంది. తిట్లు బట్టీ పడుతోంది.

ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి మళ్ళీ అరుగు మీద పాఠం జరుగుతోంది. పంతొమ్మిది మంది వయసొచ్చిన మనుషులు నరసమ్మ మామ్మలా తిట్టడం నేర్చుకుంటున్నారు. రమణబాబుగారు చాలా మర్యాదగా తిడుతున్నారు, ఒక్క ఆవు కూడా ఆయన్ని లెక్కచేయదు. జ్యోతప్ప తిడితే నిన్న తొమ్మిది దిగాయి. మిగతా నాలుగు ఇంకా ఆమె వెనక వెతుకుతున్నాయి. బళ్ళు ఎల్లుండి మొదలవుతాయి.

ఇందాక తొట్టి దగ్గర ఒంటరిగా దొరికితే అడిగాను.

"అప్పా, నన్ను కూడా కూకోనీ. నానూ నేర్చుకుంటాను. సచ్ మే. ఈసారి మధ్యలో ఆపను."

ఆమె తల ఎత్తకుండా తొట్టి అడుగు రుద్దుతూనే ఉంది.

"అరుగెక్కక్కర్లేదు. ముందు మామ్మ గుమ్మంలో నిలబడి, కర్రిని చంపింది నానే అని చెప్పు. అప్పుడు ఆవిడ నిన్నేటి తిడతాదో, అది మొత్తం నేర్చుకుని ఆవుల దగ్గరికి రా."